నల్లపావుల గెలుపు సరే, ఎత్తులేవీ?

సంపాదకుడికి,

చదరంగంలో హంపి, హరికృష్ణ, ఇరిగేశి అర్జున్ గెలిచిన మర్నాడు క్రీడల పేజీలో ఫొటో, పాయింట్లు వస్తాయి. ఎత్తులు రావు. ‘నల్లపావులతో సంచలనం’ అని రాసి వదిలేస్తే ఆట నేర్చుకునే పిల్లలకు దక్కేదేమిటి?

2013 జనవరిలో నెదర్లాండ్స్‌లోని వైకాన్‌జీ పోటీలో ఆర్మేనియా ఆటగాడు అరోనియన్‌పై ఆనంద్ నల్లపావులతో గెలిచిన ఆటే తీసుకోండి. ఆరంభం సెమీస్లావ్‌లో మెరాన్ పద్ధతి, 23 ఎత్తులకే ముగిసింది. తెల్లగుర్రం 13వ ఎత్తులో హెచ్7 (నిలువు వరుస అక్షరం, అడ్డ వరుస అంకె కలిస్తే గడి పేరు) బంటును తీసింది. ఆనంద్ దాన్ని చంపకుండా తన గుర్రాన్ని జీ4కి దూకించాడు. తర్వాత శకటును సీ5కి తెచ్చాడు. 16వ ఎత్తులో అరోనియన్ శకటును ఈ2కి జరిపాడు. అదే కొంప ముంచింది. సీ2లోని తన మంత్రికి ఎఫ్2 దారి మూసుకుపోయింది. వెంటనే రెండో నల్లగుర్రం ఈ5కి వచ్చింది. దాన్ని ఎఫ్ బంటుతో చంపితే నల్లమంత్రి డీ4లో చెక్, రాజు హెచ్1కి, మంత్రి జీ1లో బలి. సీ5 శకటు కాపలా ఉంది కనుక రాజు చంపలేడు, ఏనుగే చంపాలి. అప్పుడు గుర్రం ఎఫ్2లో ఆట కట్టు!

నాకు మాత్రం నల్ల 19వ ఎత్తే గొప్పది. తెల్లగుర్రం ఎఫ్8లో ఆనంద్ ఏనుగును చంపింది. ఎవరైనా మంత్రిని హెచ్4కి ఉరికిస్తారు. కానీ తెల్లమంత్రి హెచ్7లో చెక్ చెబుతుంది, దానికి ఎఫ్8 గుర్రం అండ, మంత్రులు మారిపోతాయి, దాడి చల్లారుతుంది. ఆనంద్ బంటును ఎఫ్5కి తోసి ఆ ఏటవాలు దారినే మూసేశాడు. చివరి ఎత్తు నల్లశకటు ఈ3కి. హెచ్3 బంటును డీ3 నుంచి కాస్తున్న తెల్లమంత్రికి అడ్డం పడింది. జీ2 బంటు బీ7 శకటు వల్ల కదల్లేదు, హెచ్3 బంటు హెచ్5 మంత్రి వల్ల జీ4 గుర్రాన్ని చంపలేదు. అరోనియన్ ఓటమి ఒప్పుకున్నాడు.

ఇదంతా వేయడానికి ఒక కాలమ్‌లో సగం చాలు. బొమ్మ ఒక్కటే వేయండి, తెల్ల 19వ ఎత్తు తర్వాతిది. కింద ‘నల్ల ఎత్తు’ అని రాయాలి. అది లేకపోతే బొమ్మ ఎందుకూ కొరగాదు. తెల్లపావులు కింద ఉండాలి, కింద కుడి చేతి మూల గడి తెల్లగా ఉందో లేదో పేజీ పెట్టేవాళ్లు ఓసారి చూసుకోవాలి. పలక తిరగబడి అచ్చయితే ఎత్తులు ఏ గడికీ సరిపోవు.

– ఒక చదరంగ పాఠకుడు, గుంటూరు