దాతగా పేరు రాయించుకుంటే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

రక్తాన్ని తయారుచేసే మూలకణాల (స్టెమ్ సెల్స్) దాతల నమోదు శిబిరాలకు ఈమధ్య యువత బాగానే వస్తున్నారు. సంతోషం. అయితే అక్కడ ఉత్సాహంగా పేరు రాయించుకున్నవాళ్లలో కొందరు, తీరా ఓ రోగికి సరిపోయారని ఫోన్ వచ్చేసరికి వెనక్కి తగ్గుతున్నారు. బ్లడ్ క్యాన్సర్ వచ్చి, ముక్కూమొహం తెలియని మనిషి ఇచ్చిన మూలకణాలతో బతికి బట్టకట్టినదాన్ని కాబట్టి ఈ మాట రాయకుండా ఉండలేకపోతున్నాను.

దాత, రోగి సరిపోతారా అని చూసేది హెచ్‌ఎల్‌ఏ, అంటే కణాలమీద ఉండే గుర్తులను బట్టి. సొంత తోబుట్టువుతోనైనా అవి పూర్తిగా కలిసే అవకాశం 25 శాతమే. ఇంట్లో ఎవరివీ కలవకపోతే చాలామందికి దాతల వివరాలు ఉంచే రిజిస్ట్రీలే దిక్కు. ప్రపంచవ్యాప్తంగా 4 కోట్ల మందికి పైగా నమోదైనా, కొందరు రోగులకు ఒక్క దాత దొరకడమే గగనం. ఆ ఒక్కరూ కాదంటే?

కాదనే హక్కు దాతకు ఎప్పుడూ ఉంటుంది, ఉండాలి కూడా. కానీ దాత మూలకణాలు ఎక్కించే ముందు రోగికి భారీ మోతాదులో కీమో ఇచ్చి, ఎముకల్లో రక్తం తయారుచేసే పాత మూలుగను పనిచేయకుండా చేస్తారు. అది మొదలయ్యాక దాత తప్పుకుంటే రోగి ప్రాణాలమీదికి వస్తుంది. ఆలోచించుకోవాల్సింది పేరు రాయించుకునే రోజునే.

వెనకడుగు వేయించేది చాలావరకు భయమే. వెన్నెముకలో సూది గుచ్చుతారని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. వెన్నెముక జోలికే పోరు. ఎక్కువమంది దాతల దగ్గర మూలకణాలను చేతి నరం నుంచే తీసుకుంటారు. అంతకుముందు నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇస్తారు. వాటితో ఒళ్లునొప్పులు, తలనొప్పి ఉంటాయి, లేవని చెప్పను. తర్వాత కొన్ని గంటలు మెషిన్ పక్కన పడుకోవాలి. ఒక చేతి నుంచి వెళ్లిన రక్తంలోంచి మూలకణాలు వేరుచేసి, మిగతాది రెండో చేతిలోకి ఎక్కిస్తారు. కొందరికి మాత్రం మత్తు ఇచ్చి తుంటి ఎముక నుంచి మూలుగ తీస్తారు.

ఇటు నా గదిలో జరిగింది మరీ చిన్న పని. స్టాండుకు ఒక సంచి తగిలించారు, రక్తం ఎక్కించినట్టే ఎక్కించారు. కోతా లేదు, కుట్టూ లేదు. ఆ సంచి రాకపోయుంటే నేను లేను.

ఆ దాత పేరు నాకు చెప్పరు. నేను తిరిగి రక్తం ఇద్దామన్నా తీసుకోరు. అందుకే శిబిరాలకు వెళ్లి కూర్చుంటాను, ముఖ్యంగా తల్లిదండ్రులతో మాట్లాడటానికి. "రేపు మావాడికి పిల్లలు పుట్టడంలో ఇబ్బందేం రాదు కదమ్మా?" అని ఓ తల్లి నా చెయ్యి పట్టుకుని అడిగింది. రాదని డాక్టరు చేత కూడా చెప్పించాను. ఆ ప్రశ్న అడిగినందుకు ఆమెమీద గౌరవం పెరిగింది.

నిర్వాహకులకు ఒక విన్నపం. వరుసలో నిలబెట్టి హడావిడిగా చెంప లోపల నమూనా తీసుకోకండి. ముందు అంతా వివరించి, ఇంట్లో మాట్లాడుకుని రమ్మనండి. పేర్లు తగ్గితే తగ్గనివ్వండి, ఫోన్ చేసిన రోజు వచ్చేవాళ్లు కావాలి. పత్రికలు కూడా ఎంతమంది నమోదయ్యారన్న వార్తతోపాటు మూలకణాలు ఎలా తీస్తారో నాలుగు ముక్కలు రాస్తే మేలు.

ఇప్పటికే నమోదైనవాళ్లు ఫోన్ నంబరో చిరునామానో మారి ఉంటే దయచేసి వెంటనే రిజిస్ట్రీకి తెలియజేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు