అగ్రిమెంటులో రెండు పేర్లు

సంపాదకులకు,

స్వలింగ జంట కాపురం పెట్టడానికి ఏ ఊరు మంచిదని అడిగితే అందరూ బెంగళూరు, హైదరాబాద్ అనేసి ఊరుకుంటారు. విశాఖ సంగతేమిటంటే బీచ్ గురించి చెబుతారు. ఆర్కే బీచ్‌లో ఇద్దరు మగవాళ్లు భుజం మీద చెయ్యేసుకుని నడిస్తే వెనక్కి తిరిగి చూసేవాళ్లు లేరు, నిజమే. అసలు పరీక్ష టూలెట్ బోర్డు దగ్గర మొదలవుతుంది. ఈ ఊళ్లో అద్దె ఇల్లు వెతుక్కునే జంటలకు తోడు వెళ్తుండే మేం, తెలిసిన నాలుగు సంగతులు రాస్తున్నాం. ఇళ్లున్నవాళ్లూ చదివితే సంతోషం.

ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే కాలనీ, సీతమ్మధారల్లో విడి ఇళ్లు చాలా ఉన్నాయి. యజమాని కింద, అద్దెకున్నవాళ్లు పైన, మెట్లు వాళ్ల వరండా పక్క నుంచే. ఎవరు ఎన్నింటికి వచ్చారో వాళ్లకు తెలియకుండా జరగదు. మధురవాడ, పీఎం పాలెం, యెండాడ అపార్ట్‌మెంట్లలో యజమాని చాలాసార్లు వేరే ఊళ్లోనో అమెరికాలోనో ఉంటాడు. ఆరా తీసేది అసోసియేషన్ సెక్రటరీ, రాసుకునేది వాచ్‌మన్. గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఉద్యోగులు ఇద్దరేసి గది తీసుకోవడం మామూలే కాబట్టి తొందరగా దొరుకుతుంది, కానీ అది ‘రూము’గానే దొరుకుతుంది, ఇల్లుగా కాదు. పెదవాల్తేరులో యూనివర్సిటీ పక్కన విద్యార్థి వయసున్నంతకాలం అడిగేవాళ్లుండరు. ముప్పై అయిదు దాటితే "ఇంకా పెళ్లి చేసుకోలేదా బాబూ" మొదలు. ఇద్దరు ఆడవాళ్లకు ఇల్లు సులువుగానే ఇస్తారు, కాపలా మాత్రం రెట్టింపు. మొదటిసారి వచ్చేవాళ్లకు మా ఓటు మధురవాడ వైపే. ఊళ్లోకి దూరమన్నది ఒక్కటే ఇబ్బంది.

వెతికే నెల కూడా చూసుకోవాలి. ఆషాఢంలో, పుష్యంలో ఇల్లు మారేవాళ్లు తక్కువ. శ్రావణందాకానో మాఘందాకానో తాళం వేసి ఉంచడం ఇష్టంలేని యజమాని అప్పుడు షరతులు కాస్త సడలిస్తాడు. ఎప్పుడు దిగినా ఇంటావిడ అడిగే ప్రశ్న ఒకటుంది: "పాలెవరు పొంగిస్తారు? మీ ఆడవాళ్లెవరూ రారా?" దీనికి తడబడకూడదు. "మేమే పొంగిస్తాం, మీరొచ్చి దగ్గరుండండి" అంటే సరిపోతుంది. ఆవిడకు కావలసింది పొయ్యి వెలగడం, పాలు గిన్నె అంచు దాటి పొర్లడం. అంతకుమించిన శాస్త్రం అందులో లేదు.

అన్నదమ్ములమనీ, బావా బావమరుదులమనీ చెప్పకండి. యజమాని ఆధార్ జిరాక్సులు అడుగుతాడు, ఇంటిపేర్లు, తండ్రుల పేర్లు కలవవు. "మీరేమిట్లండీ?" అని కులం ఆరా తీసే ప్రశ్న ఎలాగూ వస్తుంది, ఇద్దరూ చెరో జవాబు ఇస్తారు. ఆ రోజుతో నమ్మకం పోతుంది, తర్వాత ఏ గొడవొచ్చినా "మోసం చేసి దిగారు" అన్న మాట చేతికి దొరుకుతుంది. "ఇద్దరం కలిసి ఉంటాం, ఎక్కువకాలం ఉండే ఉద్దేశంతోనే వచ్చాం" అన్నది నిజం. మిగతాది చెప్పాలో వద్దో జంట ఇష్టం.

ఎక్కువ నష్టం జరిగేది అగ్రిమెంటు దగ్గర. పదకొండు నెలల కాగితమే కదా అని ఒకరి పేరుతో రాయించేస్తారు. రిజిస్ట్రేషన్ లేకుండా గడిచిపోవాలని అందరూ ఆ పదకొండు నెలల దగ్గరే ఆగుతారు, అది వేరే సంగతి. ఒక్క పేరే ఉండటం అసలు తప్పు. ఆ పేరున్న మనిషి బదిలీ అయినా, ఆసుపత్రి పాలైనా, చనిపోయినా రెండోవాళ్లకు ఆ గడప మీద ఏ హక్కూ ఉండదు. వాళ్ల అన్నయ్యో నాన్నో వచ్చి సామాను సర్దుకుంటుంటే చూస్తూ నిలబడాలి. అందుకని ఇద్దరినీ అద్దెదారులుగా రాయించి, ఇద్దరూ ప్రతి పేజీ మీదా సంతకం చేయాలి. డాక్యుమెంట్ రైటర్ దగ్గరుండే పాత నమూనాలో ‘కుటుంబ సభ్యులు మాత్రమే నివసించవలెను’ అన్న వాక్యం ఉంటే కొట్టేయించాలి. ఖాళీ చేయడానికి గడువు రెండువైపులా ఎంతో, అడ్వాన్సులో రంగులకు ఎంత పట్టుకుంటారో అంకెల్లో ఉండాలి. అడ్వాన్సు నగదుగా ఇవ్వొద్దు. అద్దె ఒక నెల ఒకరి ఖాతా నుంచి, మరో నెల రెండోవారి ఖాతా నుంచి పంపితే ఇద్దరి దగ్గరా రుజువు మిగులుతుంది.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ కింద పెద్దల మధ్య పరస్పర సమ్మతితో ఉండే స్వలింగ సంబంధాన్ని నేరం కాకుండా చేసింది. 2023 అక్టోబరు 17న పెళ్లికి మాత్రం గుర్తింపు ఇవ్వలేదు. ఇల్లు ఇవ్వననే ప్రైవేటు యజమానిని ఆపే నిబంధన ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు 2019 చట్టంలో ఉంది, స్వలింగ జంటలకు లేదు. కాబట్టి దిగకముందు వాదించి లాభం లేదు. దిగాక పరిస్థితి వేరు. కాగితం లేని నెలవారీ అద్దెకైనా పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. కరెంటు, నీళ్లు ఆపేసి వెళ్లగొట్టే అధికారం యజమానికి లేదు, ఖాళీ చేయమనే అధికారం కానిస్టేబులుకూ లేదు. అది సివిల్ కోర్టు పని.

బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థికశాఖ స్పష్టం చేసింది. కౌంటర్‌లో తెలియదంటే ఆ ప్రకటన ప్రింటు చూపించండి. అయితే నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే, వారసుడు కాదు. బీమాలో మరీ చిక్కు: 2015 సవరణ ప్రకారం తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతేనే ఆ సొమ్ము వాళ్ల సొంతమవుతుంది. భాగస్వామిని నామినీగా రాసినా వారసులు వచ్చి అడగొచ్చు. మందు వీలునామా ఒక్కటే. తెల్ల కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, ఆ సాక్షులూ సంతకం పెడితే చెల్లుతుంది. స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయిస్తే తర్వాత తగాదా తగ్గుతుంది. ముప్పై ఏళ్లవాళ్లు వీలునామా అంటే నవ్వుతారు. నవ్వనివ్వండి, రాయించండి.

ఆసుపత్రి ఫారంలో ‘రోగికి ఏమవుతారు’ అన్న గడి దగ్గర అందరూ ఆగిపోతారు. స్పృహలో ఉన్నప్పుడే ఒకరి పేరు ఒకరు రాసి, నోటరీ చేయించిన కాగితం ఫోనులోనూ ఫైల్లోనూ పెట్టుకోండి. మానసిక వైద్యానికైతే 2017 చట్టమే తమ తరఫు మనిషిని రాతపూర్వకంగా ఎంచుకోనిస్తుంది. స్వలింగ ఆకర్షణను ‘మార్చేస్తాం’ అనే చికిత్సను జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన తప్పుగా తేల్చింది. అలాంటి బోర్డు కనబడితే దూరంగా ఉండండి.

పుట్టింటివాళ్లు వచ్చి బలవంతంగా తీసుకెళ్తే హెబియస్ కార్పస్ దారి ఉంది, అంటే ఆ మనిషిని తన ముందు హాజరు పరచమని కోర్టును కోరడం. నర్సీపట్నంలో తండ్రి ఇంట్లో ఉంచేసిన ఒక యువతి విషయంలో 2024 డిసెంబరులో మన హైకోర్టు, ఆమె తను ఎంచుకున్న భాగస్వామితో ఉండొచ్చని, తల్లిదండ్రులు జోక్యం చేసుకోవద్దని చెప్పింది. అలాంటి కేసుల్లో మనసు మార్చే కౌన్సెలింగ్‌కు పంపకూడదని అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు కోర్టులకు సూచించింది. కలిసి ఉంటున్నట్టు చూపే కాగితం అక్కడా అడగొచ్చు. రెండు పేర్ల అగ్రిమెంటు అప్పుడు మళ్లీ పనికొస్తుంది.

ఇళ్లున్నవారికి ఒక మాట. మీకు కావలసింది అయిదో తారీఖులోపు అద్దె, మోటారు ఆపడం మరిచిపోని మనిషి, చెప్పిన గడువుకు తాళం చెవి. ఇద్దరు సంతకం పెడితే అద్దెకు ఇద్దరూ పూచీ. ఒకరి ఉద్యోగం పోయినా రెండోవారిని అడగొచ్చు. ‘ఫ్యామిలీస్ ఓన్లీ’ అని బోర్డు మీద రాసే ముందు, కిందటి ఏడాది మీ మేడ మీది భాగం ఎన్ని నెలలు ఖాళీగా ఉందో ఒకసారి లెక్క చూసుకోండి.

– కొందరు పాఠకులు, విశాఖపట్నం