వాతావరణం మీదకు నెట్టేస్తే సరిపోతుందా?

సంపాదకుడు గారికి,

కేదార్‌నాథ్ దారిలోని గౌరీకుండ్ దగ్గర 2025 జూన్ 15న హెలికాప్టర్ కూలి పసిబిడ్డతో సహా ఏడుగురు చనిపోయిన వార్త మీ పత్రికలో చదివాను. వాతావరణం బాగోలేదు అన్న ఒక్క ముక్కతో ముగించేశారు. 2009లో నల్లమలలో ముఖ్యమంత్రినే పోగొట్టుకున్న మనకు ఆ ఒక్క ముక్క చాలా?

నేను డాలస్ దగ్గర చాలా ఏళ్లుగా ఆర్44 హెలికాప్టర్ నడుపుతున్న ప్రైవేట్ పైలట్‌ని. ఈ మధ్యే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ తెచ్చుకున్నాను. బయట ఏమీ కనిపించకపోయినా మీటర్లు చూసి నడిపే అర్హత అది. అమెరికాలో విమానం నేర్చుకునేవాళ్లకు ప్రైవేట్ లైసెన్స్ దశలోనే మీటర్ల మీద 3 గంటల శిక్షణ తప్పనిసరి. హెలికాప్టర్‌కు ఒక్క గంట కూడా అక్కర్లేదు! చేతులు వదిలితే నిలకడగా ఎగరలేనిది హెలికాప్టరే కదా, ఈ రూల్ ఎవరు ఆలోచించి పెట్టారో నాకు అర్థం కాదు.

రేటింగ్‌కు 40 గంటలు కావాలి, గంటకు వందల డాలర్లు. నేను మొదట అడిగిన స్కూలు వాళ్లు, ఆర్44కి మబ్బుల్లోకి వెళ్లే అనుమతే లేదు, మీకెందుకీ దండగ ఖర్చు అన్నారు. అనుమతి లేదని మబ్బు మనల్ని వదిలేస్తుందా? బయట కనిపించకుండా హుడ్ పెట్టుకుని నడుపుతుంటే, తిన్నగానే వెళ్తున్నామని ఒళ్లు చెబుతుంది, పక్కకు ఒరిగిపోయామని మీటరు చూపిస్తుంది. ఒంటిని కాదని మీటరును నమ్మడం ఎన్నేళ్లు నడిపినా దానంతటది రాదు. కళ్లకు అలవాటుపడిన పాత పైలట్లకు మరీ కష్టం.

రేటింగ్ ఒక్కటే చాలదు కూడా. 2020 జనవరిలో అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్‌తో సహా 9 మంది చనిపోయిన హెలికాప్టర్ ప్రమాదంలో పైలట్‌కు రేటింగ్ ఉంది. కానీ ఆ కంపెనీకి మీటర్ల మీద నడిపే అనుమతి లేదు. కంటిచూపు మీదే నడుపుతూ మబ్బులోకి వెళ్లి, దిక్కు తెలియక కొండను గుద్దేశాడు. కేదార్‌నాథ్ లోయలోనూ కంటితో చూసి నడపాల్సిందే. మబ్బు దిగితే ఎంతటి పైలటైనా ఆగిపోవాలి. ఆపే అధికారి ఎక్కడ? గౌరీకుండ్ తర్వాత రెండు రోజులు సర్వీసులు ఆపారు, మళ్లీ మొదలుపెట్టారు. ప్రమాదం జరిగిన ప్రతిసారీ ఒక కమిటీ, ఒక ఎక్స్‌గ్రేషియా. ఆ కమిటీ నివేదికలో ఏముందో టికెట్ కొన్న భక్తుడికి ఎవరూ చెప్పరు.

మీకు నా విన్నపం ఒకటే. ఇకపై హెలికాప్టర్ ప్రమాదం వార్త రాసేటప్పుడు పైలట్‌కు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉందా, ఆ యంత్రానికీ కంపెనీకీ ఆ అనుమతి ఉందా, ఆ ఉదయం ఎగరమన్నది ఎవరు అని అధికారులను అడిగి, వాళ్లు చెప్పిన జవాబు అచ్చు వేయండి. జవాబు చెప్పకపోతే ఆ సంగతీ వేయండి.

— ఒక పాఠకుడు, డాలస్