థర్మోస్టాట్ లేకుండా ప్లగ్గు పెట్టొద్దు

ఒరేయ్ శ్రీనూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. మొత్తానికి మనోజ్ పట్టు నెగ్గించుకున్నాడు, వచ్చే వారం బాల్ పైథాన్, అదే ఆ చిన్న కొండచిలువ జాతి పాము, మీ ఇంటికి వచ్చేస్తోందన్నమాట. నీ టెన్షన్ అంతా కాటు గురించే ఉంది. అది వదిలెయ్. దానికి విషం లేదు, బెదిరితే తల లోపల దాచుకుని చుట్టుకుపోతుంది, అంతే. నువ్వు అసలు జాగ్రత్త పడాల్సింది వేడి దగ్గర. అందులోనూ మిన్నియాపొలిస్ లాంటి చలి ఊళ్లో, చలికాలం ముందు. ఫోన్లో చెప్తే సగం ఎగిరిపోతుంది కాబట్టి కూర్చుని రాస్తున్నాను. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు.

పాముకి ఒంటి వేడి బయటి నుంచే రావాలి. వెచ్చదనం కావాలంటే వెచ్చటి చోటికి పాకుతుంది, చాలనిపిస్తే చల్లటి చోటికి జరుగుతుంది. దీని సొంతూరు పశ్చిమ ఆఫ్రికా, ఘనా, టోగో, బెనిన్ వైపు. అక్కడ ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో ఉంటుంది. ఎంత వేడి కావాలో అంత లోతులో పడుకుంటుంది. మనం దాన్ని ఉంచే అద్దాల పెట్టెలో, అదే ట్యాంక్‌లో, ఇవ్వాల్సింది కూడా ఆ వీలే. ఒక కొసన నేల 88 నుంచి 92 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి, రెండో కొసన 75 నుంచి 80. రాత్రిళ్లు కూడా 75 కిందకి దిగనివ్వకు. దాక్కునే గూళ్లు రెండు పెట్టు, ఒక్కో కొసన ఒకటి. ఒక్కటే పెడితే అది వేడి సంగతి మర్చిపోయి ఆ చాటునే పడి ఉంటుంది. పాముకి ముందు భద్రత, తర్వాతే మిగతావన్నీ.

ఇప్పుడు అసలు సంగతి. షాపులో నీకు ట్యాంక్, దాని అడుగున బయట పెట్టే కరెంటు వేడి పట్టా (హీట్ మ్యాట్), అద్దానికి అంటించే గుండ్రటి థర్మామీటర్ కలిపి ఒక కిట్‌గా ఇచ్చారన్నావు. వేడిని చూసుకుంటూ కరెంటుని అదుపు చేసే థర్మోస్టాట్ ఊసే లేదు. ఆ మ్యాట్‌ని నేరుగా గోడ ప్లగ్గులో పెట్టొద్దురా. పాముకి ఎంత వేడి చాలో మ్యాట్‌కి తెలియదు, కరెంటు ఉన్నంతసేపూ కాగుతూనే ఉంటుంది. కొన్ని 120 డిగ్రీలు కూడా దాటిపోతాయి. పైథాన్ పెదవుల దగ్గర వేడిని పసిగట్టే చిన్న చిన్న గుంటలు ఉంటాయి, చీకట్లో ఎలుక ఒంటి వేడిని కూడా వాటితో కనిపెడుతుంది. అంత నేర్పున్న పాము తన పొట్ట కింద కాలుతుంటే మాత్రం చాలాసార్లు పక్కకి జరగదు. అలా పడుకునే ఉంటుంది. పొలుసులు ఎర్రబడి బొబ్బలెక్కాక గానీ మనకి తెలియదు. పొట్ట కాలిన పాముల్ని పశువైద్యుల దగ్గరికి తీసుకురావడం ఇక్కడ మామూలైపోయింది, నాకు అదే బాధ. థర్మోస్టాట్ ఒక్కటి ఉంటే ఆగిపోయే బాధ అది. హీట్ రాక్ అని రాయిలా ఉండేది ఒకటి అమ్ముతారు, దాని జోలికి అసలు పోవద్దు.

థర్మోస్టాట్ కొన్నాక పని అయిపోలేదు. దానికి తెలిసేది తన వైరు కొసన ఉన్న ప్రోబ్‌కి తగిలే వేడి మాత్రమే. ఆ ప్రోబ్‌ని ట్యాంక్‌లో ఊరికే వదిలేశావనుకో, పాము దాన్ని తోసేసి చల్లటి మూలకి చేరుస్తుంది, లేదా నీళ్ల గిన్నెలో పడేస్తుంది. అప్పుడు థర్మోస్టాట్ 'అయ్యో, ఇంకా చల్లగానే ఉంది' అనుకుని మ్యాట్‌ని ఆపకుండా కాలుస్తూనే ఉంటుంది. అందుకే ప్రోబ్‌ని బయట, మ్యాట్‌కీ అద్దానికీ మధ్య కదలకుండా బిగించు. ట్యాంక్ లోపల టేపు మాత్రం వాడకు, పాము దానికి అతుక్కుంటే తోలు ఊడొస్తుంది. ట్యాంక్ కింద కాస్త గాలి ఆడేలా నాలుగు మూలలా ఎత్తు పెట్టు, లేకపోతే వేడి అక్కడే పోగవుతుంది.

తర్వాత తాకకుండానే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ ఒకటి కొను, పెద్ద ఖరీదేం కాదు. అడుగున పరిచిన కొబ్బరి పొట్టు మీద ఒకసారి చూడు, పొట్టు పక్కకి తీసి అద్దం మీద ఇంకోసారి చూడు. పాము పొట్టుని తవ్వుకుని నేరుగా అద్దం మీదే పడుకుంటుంది కాబట్టి ఆ రెండో అంకె ముఖ్యం. అది 92 దాటకుండా థర్మోస్టాట్‌ని సరిచేసుకో. కిట్‌లో వచ్చిన గుండ్రటి థర్మామీటర్‌ని నమ్మొద్దు, అది చూపించేది గోడ అద్దం సంగతి, నేల సంగతి కాదు.

మీ ఇంట్లో చలికాలం హీటర్ 68లో ఉంటుందన్నావు. మ్యాట్ నేలని వేడి చేస్తుంది గానీ గాలిని పెద్దగా వేడి చేయదు. కాబట్టి పైనుంచి సెరామిక్ హీట్ ఎమిటర్, అంటే బల్బులా బిగించే పింగాణీ హీటర్, కూడా కావాలి. వెలుతురు రాదు, పాముకి రాత్రి చెడదు. దానికి ప్లాస్టిక్ హోల్డర్ పనికిరాదు, పింగాణీ సాకెట్టే ఉండాలి. అది ట్యాంక్ మూత జాలీకి పైన, పాముకి అందకుండా ఉండాలి, కిందపడి కార్పెట్ అంటుకోకుండా గట్టిగా బిగించి ఉండాలి. దానికి వేరే థర్మోస్టాట్, కరెంటుని విడతలు విడతలుగా పంపే పల్స్ రకం. మ్యాట్‌కి మామూలు ఆన్-ఆఫ్ రకం సరిపోతుంది. ఎప్పుడైనా హాలోజెన్ బల్బు పెడితే కరెంటుని మెల్లగా తగ్గించి పెంచే డిమ్మింగ్ రకం తీసుకో. ఇంకో మాట, అవసరానికి మించిన వాట్లు కొనకు. థర్మోస్టాట్ కూడా యంత్రమే, ఆన్‌లోనే ఇరుక్కుపోయే రోజు రావచ్చు. చిన్న హీటరైతే ఆ రోజు కూడా ప్రాణం మీదకి రాదు. పై వేడికి గాలి ఎండిపోతుంది, తేమ 60 శాతం అటూఇటూ ఉండేలా చూసుకో.

వేడి తక్కువైనా కష్టమే. మింగిన ఎలుక అరగక లోపలే కుళ్లుతుంది, కక్కేస్తుంది. ఊపిరితిత్తుల జబ్బు కూడా పట్టుకోవచ్చు, ముక్కు దగ్గర బుడగలు, గురగుర చప్పుడు, నోరు తెరిచి ఊపిరి తీయడం కనిపిస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. చలికాలంలో తిండి మానేస్తే మాత్రం కంగారు పడకు, వేడి సరిగ్గా ఉండి బరువు తగ్గకపోతే అది ఈ జాతికి మామూలే.

కరెంటు పోతే ఏం చేయాలో ఇప్పుడే అనుకుని పెట్టుకో. 2021 ఫిబ్రవరిలో మా టెక్సాస్‌లో మంచు తుపానుకి లక్షల ఇళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు, గుర్తుందిగా. పాముని దిండు గలీబులో పెట్టి ముడేసి, థర్మోకోల్ పెట్టెలో ఉంచు. పక్కన వేడినీళ్ల సీసా తువ్వాలు చుట్టి పెట్టు. గాలికి సందు వదులు. మళ్లీ వేడి కుదిరేదాకా తిండి పెట్టొద్దు.

అమ్మగారు నవంబర్లో వస్తున్నారన్నావు కదా. ఇంట్లో పామేంట్రా అంటే, బెనిన్‌లో ఉయిదా అనే ఊళ్లో ఈ పాములకి గుడి కూడా ఉందని చెప్పు. నాగుల చవితికి పుట్ట దగ్గరికి వెళ్లే మనిషి, తప్పకుండా మెత్తబడతారు. గిన్నెలో పాలు మాత్రం పోయనివ్వకు, దానికి నీళ్లే.

పాము రాకముందే ట్యాంక్‌ని అన్నీ అమర్చి, ఖాళీగా రెండు రోజులు నడిపించు. పొద్దున, రాత్రి అంకెలు రాసిపెట్టమని మనోజ్‌కి చెప్పు, వాడి పామే కదా. ఆ కాగితం ఫోటో, ప్రోబ్ బిగించిన చోటు ఫోటో నాకు పంపించు. చూసి చెప్తాను, అప్పుడు తెచ్చుకోండి.

నీ
రఘు