మా పాటకి మెట్లు కట్టిన పెద్దాయనకి

అందరికీ నమస్కారం. మా పాట విని చాలామంది మెసేజ్‌లు పెట్టారు, చాలా సంతోషం. కానీ ఆ పాట కింద మా ఇద్దరి పేర్లే ఉన్నాయి. అది నాకు మనసొప్పడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేనూ నా స్నేహితురాలూ విజయనగరం సంగీత కళాశాలలో కలిసి డిప్లొమా చేశాం. 1919లో మొదలైన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. నాది వీణ, తనది గాత్రం. సొంతంగా ఒక పాట కట్టాలని అప్పట్నుంచీ అనుకుంటూనే ఉన్నాం. పెళ్ళిళ్ళయ్యాయి, నేను హైదరాబాదు, తను బెంగళూరు. ఎట్టకేలకు మొన్న మార్చిలో నాలుగు రోజులు కుదుర్చుకుని అరకు వెళ్ళాం. ఆ నాలుగు రోజులూ పిల్లల్ని చూసుకున్న మా అత్తయ్య గారికి ముందుగా నమస్కారం.

దారిలో శృంగవరపుకోటలో భోజనానికి ఆగాం. గంటసేపు కారు ఎండలోనే ఉంది, వీణ లోపలే ఉంది. వీణ మెట్లని, అంటే తీగల కింద అడ్డంగా ఉండే లోహపు పట్టీలని, మైనంలో కూర్చోబెడతారు. ఆ వేడికి మైనం మెత్తబడింది, ఆపైన అనంతగిరి ఘాట్ మలుపులు. అరకులో పెట్టె తెరిచి చూస్తే 24 మెట్లలో చాలావరకు పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. ఇద్దరికీ ఏడుపొచ్చేసింది.

నా వీణ బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసింది. ఒకే పనస మానులో తొలిచిన ఏకాండి వీణ. చేసిన పెద్దాయనకే ఫోన్ చేశాను. "మీరు చెయ్యెట్టకండి తల్లీ. ఏటవదు. రేపు నానొస్తాను" అన్నారు.

మర్నాడు మూడు బస్సులు మారి, గుడ్డసంచీలో పనిముట్లు, మైనం ముద్ద పెట్టుకుని మధ్యాహ్నానికి వచ్చేశారు. అరవై దాటిన మనిషి. భోంచెయ్యమంటే, ముందు వీణ చూపించమన్నారు.

ఆ పని నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. మెత్తటి మైనంలో మెట్టు నొక్కి, బొటనవేలి గోటితో వెంట్రుకవాసి జరిపి, సారణి (మొదటి తీగ) మీటి, చెవి ఒగ్గి వినేవారు. నా స్నేహితురాలు పక్కన కూర్చుని స్వరం పట్టేది. అంతర గాంధారం ('గ' స్వరం) దగ్గర ఆయనకి ఎంతకీ తృప్తి కలగలేదు. మూడుసార్లు తీసి మళ్ళీ పెట్టారు. నాలుగోసారి "ఇప్పుడు పాడమ్మా" అన్నారు. తను పాడింది, నేను మీటాను. గొంతేదో తీగేదో తెలియలేదు. ఒళ్ళు ఝల్లుమంది.

చీకటి పడేసరికి కింది 12 మెట్లే అయ్యాయి. మిగతావి పొద్దున్నే కడతానని ఆయన పడుకున్నారు. మాకు నిద్ర పట్టలేదు. ఇళ్ళ దగ్గర కట్టుకొచ్చిన వరసలన్నీ పై స్థాయికి వెళ్ళేవే. వాటిని పక్కన పెట్టి, ఆ 12 మెట్ల మీదే మోహన రాగం మొదలుపెట్టాం. తెల్లవారుజామున మూడింటికి పల్లవి వచ్చింది. మీరందరూ బాగుందన్న ఆ గాంధారం, ఆయన నాలుగుసార్లు కట్టిన గాంధారమే.

మేం దిగిన ఇంటి అక్కకి కూడా ఎంతో రుణపడ్డాం. మైనం కాచుకోవడానికి కుంపటి ఇచ్చింది, పెద్దాయనకి తన ఇంట్లోనే పక్క వేసి రెండు దుప్పట్లు కప్పింది. మేం రికార్డు చేసుకున్నంతసేపూ కోళ్ళని పెరటి వెనక్కి తోలి అక్కడే కాపలా కూర్చుంది. అడక్కుండానే.

డబ్బులివ్వబోతే పెద్దాయన బస్సు ఛార్జీలు, మైనం ఖరీదు మాత్రమే తీసుకున్నారు. "నా వీణ మూగబోతే నాకు నిద్దరడతాదేటమ్మా" అన్నారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. గొల్లపల్లిలో ఆ పని చేసే చేతులన్నిటికీ ఈ దండం చెందుతుంది.

పాట అందరికంటే ముందు ఆయనకే పంపాం. విని ఫోన్ చేశారు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగారు: "పై మెట్లు ముట్టుకోలేదేటమ్మా?"

వాటి మీద ఇంకో పాట కట్టి, గొల్లపల్లి వచ్చి వినిపిస్తామని మాటిచ్చాం.