వేడెక్కని గ్యాస్ డ్రయ్యర్: గాలి గొట్టం చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారాలు. మీ పత్రిక ప్రవాస తెలుగువారి పేజీలో వీసాలు, సభలు, పండుగల విశేషాలు క్రమం తప్పకుండా వస్తున్నాయి. ఇక్కడ మేము రోజూ వాడే, సొంత ఊళ్ళో ఎన్నడూ చూడని యంత్రాల గురించి కూడా అప్పుడప్పుడు రాయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

న్యూజెర్సీ చలికాలంలో బట్టలు ఆరాలంటే డ్రయ్యరే దిక్కు. మా చుట్టుపక్కల చాలా ఇళ్ళలో ఉన్నవి గ్యాస్ డ్రయ్యర్లే. వీటిలో డ్రమ్ము మామూలు 120 వోల్టుల కరెంటుతో తిరుగుతుంది, వేడి మాత్రం గ్యాస్ మంట నుంచి వస్తుంది. అందుకే డ్రమ్ము చక్కగా తిరుగుతున్నా బట్టలు తడి తడిగానే ఉండిపోవచ్చు. అప్పుడు ముందుగా వేడి లేని సెట్టింగు ఏమైనా నొక్కి ఉందేమో, వెనుక గ్యాస్ వాల్వు పిడి గ్యాస్ గొట్టానికి అడ్డంగా తిరిగి మూసుకుని ఉందేమో చూడాలి.

అవి సరిగానే ఉంటే మంట వెలిగే బర్నరు వైపు చూడాలి. కొన్ని మోడళ్ళలో ముందు భాగం అడుగున చిన్న కంత ఉంటుంది, అందులోంచి గ్యాస్‌ను అంటించే ఇగ్నైటర్ కనిపిస్తుంది. అది అసలు ఎర్రబడకపోతే ఇగ్నైటరో, వేడి మితిమీరితే తెగిపోయే థర్మల్ ఫ్యూజో పోయి ఉండవచ్చు. ఎర్రగా కాలి, టక్కుమని చప్పుడై, మంట అంటుకోకుండానే ఆరిపోతుంటే సాధారణంగా గ్యాస్ వాల్వును తెరిచే కాయిల్స్ (తీగచుట్టలు) బలహీనపడ్డట్టు. మొదటి విడత బట్టలు ఆరి, రెండో విడతకు వేడి రాక, యంత్రం చల్లారాక మళ్ళీ పనిచేస్తుంటే అనుమానం ఇంకా బలపడుతుంది, ఎందుకంటే కాయిల్స్ వేడెక్కిన కొద్దీ వాల్వును తెరిచి పట్టుకునే శక్తి కోల్పోతాయి.

నేను ముఖ్యంగా చెప్పదలచింది థర్మల్ ఫ్యూజ్ గురించి. అది కొద్ది డాలర్లకే దొరుకుతుంది కనుక చాలామంది కొత్తది వేసి ఊరుకుంటారు. మా వీధిలో ఒక కుటుంబానికి ఇలాగే మార్చిన ఫ్యూజ్ కొద్ది వారాలకే మళ్ళీ పోయింది. తరువాత వేడిగాలి బయటకు పోయే వెనుక గొట్టం విప్పితే బట్టల నుంచి రాలిన బూడిద రంగు నూగు దిండులో దూదిలాగా గట్టిగా కూరుకుని ఉంది. గాలి బయటకు పోయే దారి లేక వేడి లోపలే పేరుకున్నప్పుడు ప్రమాదం జరగకుండా తెగిపోవడమే ఆ ఫ్యూజ్ పని. గొట్టం శుభ్రం చేయకుండా దాన్ని మార్చడం, అంతకంటే ఘోరంగా దాన్ని తప్పించి వైర్లు కలిపేయడం, ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. 2008-2010 మధ్య అమెరికా ఇళ్ళలో ఏటా సుమారు 2,900 డ్రయ్యర్ అగ్నిప్రమాదాలు జరిగాయని, శుభ్రం చేయకపోవడమే వాటికి ప్రధాన కారణమని అక్కడి ప్రభుత్వ అగ్నిప్రమాద నివారణ సంస్థ యూఎస్ ఫైర్ అడ్మినిస్ట్రేషన్ అంచనా వేసింది. డ్రయ్యర్‌లో నూగును పట్టే జాలీని ప్రతి విడతకూ దులపాలి, గొట్టాన్ని ఏడాదికి ఒకసారైనా తుడిపించాలి. ప్లాస్టిక్ గొట్టం గానీ, పల్చటి రేకు గొట్టం గానీ ఉంటే తీసేసి 4 అంగుళాల గట్టి లోహపు గొట్టం వేయించాలి. గ్యాస్ డ్రయ్యర్ గాలిలో కార్బన్ మోనాక్సైడ్ ఉండవచ్చు కాబట్టి, ఇల్లు వెచ్చగా ఉంటుందని ఆ గాలిని లోపలికి వదలడం ప్రాణాంతకం.

పిల్లల దగ్గరికి వచ్చి ఉండే పెద్దవాళ్ళకు ఈ విషయాలు ఎవరూ చెప్పరు. తలంటుకు వాడిన తువ్వాళ్ళు, వంటనూనె పీల్చుకున్న మసిగుడ్డలు ఉతికినా వాటిలో జిడ్డు మిగిలే ఉంటుంది. అలాంటివి డ్రయ్యర్‌లో వేడెక్కి, కుప్పగా పడి ఉన్నప్పుడు వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని దండెం మీదే ఆరవేయాలి.

గ్యాస్ వాసన వస్తే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు. స్విచ్చులు ముట్టుకోకుండా ఇంట్లో అందరూ బయటకు వెళ్ళి, అక్కడి నుంచి అత్యవసర నంబరు 911కి గానీ గ్యాస్ కంపెనీకి గానీ ఫోన్ చేయాలి. గ్యాస్ భాగాలు విప్పే పని లైసెన్సు ఉన్న మెకానిక్‌కే వదిలేయాలి.

చలి ముదరకముందే, అంటే అక్టోబరులోగా, ఈ జాగ్రత్తలను పెద్దవాళ్ళు కూడా చదవగలిగేలా పెద్ద అక్షరాలతో, బొమ్మలతో ప్రవాస పేజీలో ప్రచురించవలసిందిగా మిమ్మల్ని ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
మీ పాఠకుడు, న్యూజెర్సీ