వేసవిలోనూ రక్తదాన శిబిరాలు పెట్టాలి

సంపాదకుడికి నమస్కారం.

మొన్న మే నెలలో మా మేనత్తకు ఆపరేషన్ అన్నారు. ఆవిడది బి నెగెటివ్. బ్లడ్ బ్యాంకులో ఆ గ్రూపు నిల్వ లేదు, దాతను మీరే చూసుకోండి అన్నారు. తెలిసిన కుర్రాళ్లకు ఫోన్లు చేస్తే ఆంధ్ర యూనివర్సిటీ హాస్టళ్ల నుంచి అందరూ సెలవులకు ఊళ్లకు వెళ్లిపోయారు. చివరికి గాజువాక నుంచి స్టీల్‌ప్లాంటు ఉద్యోగి ఒకాయన పొద్దుటి షిఫ్టు దిగి, ఇంత అన్నం తిని, ఆ ఎండలో వచ్చి ఇచ్చి వెళ్లారు.

మన విశాఖ నగరంలో దాతలు లేక కాదు ఈ అవస్థ. నాయకుడి పుట్టినరోజనో, అభిమాన నటుడి పుట్టినరోజనో, పంద్రాగస్టనో, అక్టోబరు 1న జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినమనో శిబిరాలన్నీ ఒక్కసారే పెడతాం. ఫ్లెక్సీలను నేను తప్పుపట్టను. ఫొటో కోసం ఇచ్చినా అది రక్తమే. కానీ అటక మీద దాచుకోవడానికి ఇదేమన్నా బియ్యం బస్తానా? ఎర్ర రక్తకణాలు 35 నుంచి 42 రోజులు నిలవ ఉంటాయి, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. పైగా అందరూ ఒకే వారంలో ఇచ్చేస్తే మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు మళ్లీ ఇవ్వకూడదు. నిల్వా పోతుంది, దాతలూ దొరకరు.

రోగులకు మాత్రం సెలవులుండవు. ఇక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు శ్రీకాకుళం నుంచి, పాడేరు మన్యం నుంచి, ఒడిశా నుంచి కూడా వస్తారు. తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తహీనత జబ్బు) ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. కాన్పులు, హైవే ప్రమాదాలు సరేసరి.

జిల్లా అధికారులు బ్లడ్ బ్యాంకులన్నిటినీ కూర్చోబెట్టి, ఏ నెల ఎవరు శిబిరం పెట్టాలో ఏడాదికి సరిపడా తేదీలు ముందే ఖాయం చేయాలి. కాలేజీలు మూసే ఏప్రిల్, మే నెలలను స్టీల్‌ప్లాంటు, పోర్టు, షిప్‌యార్డు, పరవాడ ఫార్మా కంపెనీలకు అప్పగించాలి. వాటికి వేసవి సెలవులు లేవు కదా. పుట్టినరోజు శిబిరాలు పెట్టే అభిమాన సంఘాలు కూడా సగం మంది పేర్లు రాసుకుని, మూడు నెలల తర్వాత పిలిస్తే బాగుంటుంది.

మా అపార్ట్‌మెంటులో ఈ నెలాఖరు ఆదివారం శిబిరం అనుకున్నాం. ముప్పై మందైనా లేకపోతే రాలేమని బ్లడ్ బ్యాంకు వాళ్లు అంటే పక్క రెండు అపార్ట్‌మెంట్లనూ కలుపుకున్నాం. ఇప్పటికి ముప్పై నాలుగు పేర్లు వచ్చాయి. ఆ గాజువాక ఆయన కూడా వస్తానన్నారు గానీ, ఆగస్టు దాకా ఆగమని మేమే చెప్పాం.

— ఒక పాఠకుడు, సీతమ్మధార, విశాఖపట్నం